డిజైన్ భేష్, యూజరే ఓటి మద్దెల

ఇంటర్‌ఫేస్ డిజైన్, అంటే యాప్‌ల తెరలు ఎలా ఉండాలో గీసే విద్య, నేర్చుకుందామని బయల్దేరిన వాళ్ళకు మొదటిరోజే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఎందుకో ఏ కోర్సులోనూ చెప్పరు. ఈ విద్యకు పరమ శత్రువు యూజర్. రంగులు ఎదురు చెప్పవు. ఫాంట్లు ప్రశ్నలు వేయవు. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన డబ్బా గీసినచోటే వినయంగా కూర్చుంటుంది. యూజర్ మాత్రం మనం మూడు వారాలు చెక్కిన బటన్‌ను వదిలేసి, పక్కనున్న అలంకారపు బొమ్మను నాలుగుసార్లు పొడిచి, "ఇది పనిచేయట్లేదండీ" అంటాడు. ఆడలేనివాళ్ళు మద్దెల ఓడనడం పాత సామెత. మన వృత్తిలో మద్దెల నిజంగానే ఓడు, దాని పేరే యూజర్. కనుక దాని జోలికి పోకుండా డిజైనర్‌గా ఎదగడం ఎలాగో శాస్త్రోక్తంగా చూద్దాం.

ముందుగా అసలు యూజర్ స్థానంలో ఒక కాగితపు యూజర్‌ను ప్రతిష్ఠించుకోవాలి. దీన్ని పర్సోనా అంటారు. 1990ల చివర్లో అలన్ కూపర్ అనే సాఫ్ట్‌వేర్ డిజైనర్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినప్పుడు దాని వెనక బోలెడు చాకిరీ ఉండేది: నిజం మనుషులతో మాట్లాడటం, వాళ్ళు పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూడటం, పదిమందిలో కనిపించిన పోలికల్ని ఏరి ఒకచోట చేర్చడం. ఇప్పుడంత శ్రమ అక్కర్లేదు. నవ్వుతున్న ఫోటో ఒకటి, వయసు 32, "ప్రయాణాలంటే ఇష్టం, టైము వృథా అంటే చిరాకు" అని రెండు ముక్కలు. ఈమెకు మన యాప్‌తో ఏ ఇబ్బందీ రాదు. ఈమె యాప్ తెరిస్తే కదా!

ఈమెకు తగ్గ స్క్రీన్లు గీయడం కూడా తేలిక. అందరి పేర్లూ అయిదారు అక్షరాలే, అందరికీ ఫోటో ఉంటుంది, ప్రతి జాబితాలోనూ సరిగ్గా ఆరు వస్తువులు, నెట్‌వర్క్ ఎన్నడూ పోదు. చేయి తిరిగిన వాళ్ళు మాత్రం ప్రతి స్క్రీన్‌కూ అయిదు అవస్థలుంటాయని నస పెడతారు: ఇంకా ఏమీ లేని ఖాళీ, లోడవుతూ ఉండటం, సగమే రావడం, తప్పు జరగడం, అన్నీ నిండుగా ఉండటం. పోర్ట్‌ఫోలియోకి పనికొచ్చేది ఈ చివరిదొక్కటే కాబట్టి అదొక్కటే గీయండి. మిగతా నాలుగూ డెవలపర్ అర్ధరాత్రి తనకు తోచినట్టు గీసుకుంటాడు. అవస్థ అన్న మాటకు తెలుగులో రెండర్థాలు ఊరికే రాలేదు. స్పందన 0.1 సెకనులో వస్తే యూజర్‌కు అప్పటికప్పుడే జరిగినట్టుంటుందనీ, 1 సెకను దాటితే ఆలోచన తెగుతుందనీ, 10 సెకన్లు దాటితే ధ్యాస ఇంకోదాని మీదికి పోతుందనీ దశాబ్దాలుగా చెబుతున్నారు. ఫిగ్మాలో కట్టిన ఉత్తుత్తి నమూనా, అంటే ప్రోటోటైప్‌లో అన్నీ తక్షణమే వస్తాయి. అంచేత ఈ గొడవ మనది కాదు.

తెలుగులో కూడా యాప్ కావాలని ఎవరైనా అడిగితే కంగారు పడొద్దు. ఇంగ్లీషు అక్షరాల కొలతకు లైన్ హైట్ (ఒక్కో వరసకిచ్చే ఎత్తు) 1.2 రెట్లు అని బిగించేసి, ఎత్తు కూడా ఖాయం చేసిన డబ్బాలో తెలుగు పోయండి. పైన గుడులూ కింద ఒత్తులూ కత్తెర వేసినట్టు తెగిపోతాయి. "స్త్రీ" అన్న మాట మీద పరీక్షిస్తే వెంటనే తెలుస్తుంది, అందుకే దాని మీద పరీక్షించకూడదు. ఛాందసులైతే 1.5 దగ్గర మొదలుపెట్టి, డబ్బా ఎత్తును పాఠానికే వదిలేస్తారు. జాబితాలో పొడుగు పేర్లను 20వ గుర్తు దగ్గర కోసి మూడు చుక్కలు పెట్టడం మరో కళ. కంప్యూటర్ లెక్కలో "క్ష" ఒక అక్షరం కాదు, మూడు గుర్తులు. కోత సరిగ్గా మధ్యలో పడితే పొల్లు ఒకటి గాల్లో వేలాడుతూ కొత్త లిపి పుడుతుంది.

ఇక రంగులు. తెల్లని పలక మీద లేత బూడిదరంగు అక్షరాలు ఎంత నాజూగ్గా ఉంటాయో డిజైనర్లకు చెప్పనక్కర్లేదు. మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని వెబ్ అందరికీ అందాలని రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు అంటాయి. పెద్దవంటే 18 పాయింట్లు, బోల్డ్ అయితే 14. మనకు ప్రీతిపాత్రమైన #999999 (బూడిదరంగుకు కోడ్‌లో పేరు) తెలుపు మీద 2.85 దగ్గరే చతికిలబడుతుంది. #767676 వేస్తే 4.54తో పాస్. దానికంటే ఒక్క మెట్టు లేతగా ఉండే #777777 కి 4.48 వచ్చి ఫెయిల్. ఇంత చిన్న తేడాకి కళాకారుణ్ణి ఫెయిల్ చేసే పరీక్ష ప్రపంచంలో ఇంకోటి ఉండదు. చీకటి గదిలో ఖరీదైన మానిటర్ మీద చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. యూజర్ మిట్ట మధ్యాహ్నం ఎండలో, బ్రైట్‌నెస్ తగ్గించి, గీతలు పడ్డ ఫోన్‌లో చూస్తాడంటే అది అతని స్వయంకృతం. తప్పుకు ఎరుపు, ఒప్పుకు ఆకుపచ్చ వేసి పక్కన గుర్తు గానీ మాట గానీ పెట్టకపోవడం కూడా ఈ సౌందర్య దృష్టిలో భాగమే. మగవాళ్ళలో నూటికి 5 నుంచి 8 మందికి ఆ రెండు రంగులూ సరిగా వేరుపడవు. వాళ్ళకు ఊహాశక్తి పెరుగుతుంది.

బటన్ల కొలతల మీద పెద్దగా చెప్పేదేం లేదు. వేలు పడే చోటు ఆపిల్ 44 పాయింట్లంటుంది, గూగుల్ 48 డీపీ (తెరను బట్టి సర్దుకునే పిక్సెల్ కొలత) అంటుంది, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అయితే దిగొచ్చి కనీసం 24 పిక్సెళ్ళయినా ఇమ్మని బతిమాలుతుంది. గురి చిన్నదై, దూరమైన కొద్దీ చేరడానికి ఎక్కువసేపు పడుతుందని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే లెక్క కట్టాడు. ఐకాన్ 24 ఉన్నా చుట్టూ ఖాళీ జాగా (ప్యాడింగ్) ఇచ్చి తాకే మేర 48 చేయొచ్చు, కంటికి ఏమీ తేడా తెలియదు. తెలియని మంచి చేసి ఏం లాభం? "సవరించు" పక్కనే 16 పిక్సెళ్ళ "తొలగించు" పెట్టండి, యూజర్‌కు జీవితం క్షణభంగురమని తెలుస్తుంది.

మన ప్రతిభ అసలు బయటపడేది ఫారాల్లో. లేబుల్స్ స్థలం తింటాయి కనుక వాటిని పీకేసి, ఏం రాయాలో డబ్బా లోపలే ప్లేస్‌హోల్డర్‌గా పెట్టాలి. మొదటి అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది. మధ్యలో ఫోన్ మోగి, మాట్లాడి తిరిగొచ్చిన మనిషి తను నింపింది ఇంటిపేరో ఊరిపేరో తెలియక డబ్బా ఖాళీచేసి చూసుకుంటాడు. ఈమెయిల్‌లో మొదటి అక్షరం పడగానే "చెల్లని ఈమెయిల్" అని ఎర్రగా అరవాలి. డబ్బా వదిలి బయటికి వెళ్ళాక తనిఖీ చేస్తే చాలన్నది మెతకవాళ్ళ మాట. ఫోన్ నంబర్ మధ్య ఖాళీ పెట్టిన వాణ్ణి క్షమించకూడదు. ఖాళీలను కోడ్‌లో ఒక్క లైనుతో తీసేయొచ్చు నిజమే, కానీ అప్పుడు క్రమశిక్షణ ఎవరు నేర్పుతారు? పాస్‌వర్డ్ నియమాలు అయిదుంటే అయిదూ ముందే చెప్పకూడదు, ఒక్కో తప్పుకు ఒక్కోటి చొప్పున విడుదల చేయాలి. పుట్టినతేదీకి అందమైన క్యాలెండర్ పెట్టి, వెనక్కి పోవడానికి నెలకో బాణం ఇవ్వాలి. 40 ఏళ్ళ మనిషి 480 సార్లు నొక్కితే పుట్టిన నెలకు చేరుకుంటాడు. మూడు చిన్న డబ్బాలిచ్చి తేదీ, నెల, సంవత్సరం అంకెల్లో కొట్టమంటే పది సెకన్లలో అయిపోతుంది, కానీ అందులో బాల్యానికి తిరిగి వెళ్ళిన అనుభూతి ఏదీ?

అన్నీ నింపేదాకా "సమర్పించు" బటన్‌ను బూడిదరంగులో నిద్రపుచ్చడం తప్పనిసరి. ఏది తక్కువైందో చెప్పకూడదు. ఒకవేళ అన్నీ సరిచేసి నొక్కినా సర్వర్ తిప్పికొడితే "ఏదో పొరపాటు జరిగింది" అని చెప్పి, నింపినవన్నీ తుడిచేయాలి. ఏం తప్పు జరిగింది, ఎలా సరిచేసుకోవాలి అన్న రెండు ముక్కలూ ఆ డబ్బా కిందే రాసి, నింపినవి అలాగే ఉంచితే యూజర్ రెండో ప్రయత్నంలోనే గట్టెక్కుతాడు. మనకు అతనితో గడిపే సమయం తగ్గిపోతుంది.

కీబోర్డుతో వాడేవాళ్ళు, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్ళు కూడా ఉంటారట. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీట నొక్కుతూ పోతే, ఎక్కడ ఉన్నామో చూపే గీత కనిపిస్తోందో లేదో, డబ్బాలు వరసలో వస్తున్నాయో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే మనవాళ్ళు ఆ గీత వికారంగా ఉందని ముందే తీసేస్తారు. స్క్రీన్ రీడర్ ప్రతి ఐకాన్ దగ్గరా "బటన్, బటన్, బటన్" అని జపం చేస్తుంటే వినేవాళ్ళకు పుణ్యమూ దక్కుతుంది.

ఇక టెస్టింగ్. ఎంత తప్పించుకున్నా ఎవరో ఒక మేనేజర్ "యూజర్లకు చూపించారా?" అని అడిగే రోజు వస్తుంది. భయపడనక్కర్లేదు, పరీక్షను కూడా యూజర్ అంటకుండా జరపొచ్చు. ముందుగా మనుషులను పక్క సీట్లలోంచే ఎంచుకోండి. వాళ్ళకు ఆ మెనూ ఎక్కడుందో అప్పటికే తెలుసు, పైగా రేపు వాళ్ళ డిజైన్‌ను మీరూ మెచ్చుకోవాలి. తర్వాత టాస్క్ రాసే తీరు. స్క్రీన్ మీద "రిటర్న్ అభ్యర్థన" అని బటన్ ఉంటే, టాస్క్‌లో కూడా "రిటర్న్ అభ్యర్థన పెట్టండి" అనే రాయాలి. అలా రాస్తే అది చదవడం వచ్చో రాదో తేల్చే పరీక్ష అవుతుంది, నూటికి నూరు మార్కులు. "నిన్న వచ్చిన చెప్పులు బిగుతుగా ఉన్నాయి, ఇప్పుడేం చేస్తారో చేసి చూపించండి" అని అడిగితే మాత్రం మనిషి తన దారిన తాను వెతుక్కోవడం మొదలుపెడతాడు, "ఆర్డర్లు" వదిలేసి "సహాయం" లోకి పోతాడు, అక్కడ చాట్ తెరుస్తాడు, మీకు చెమటలు పడతాయి.

పుస్తకాల ప్రకారం యూజర్ తికమక పడుతున్నప్పుడు టెస్ట్ జరిపేవాళ్ళు నోరు మెదపకూడదు. మనసులో అనుకునేది పైకి అంటూ పనిచేయమని ముందే చెప్పాలి. "ఇది నొక్కనా?" అని అడిగితే "నేను పక్కన లేకపోతే ఏం చేసేవారు?" అని తిరిగి అడగాలి. సాయం చేయబోయే ముందు లోపల పది లెక్కపెట్టుకోవాలి. పది! గీసిన వాడి గుండెకు పది అంకెలంటే ఎంత కాలమో ఈ నియమం రాసిన వాళ్ళకు తెలియదు. అంచేత మూడో అంకెకే "అదుగో, పైన కుడివైపు" అనేయండి. ముగింపులో "చాలా తేలిగ్గా ఉంది కదూ?" అని నవ్వుతూ అడగండి. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మీద "లేదు" అనే మొరటువాళ్ళు అరుదు. "పరీక్ష మీకు కాదు, మా డిజైన్‌కే" అని మొదటే చెప్పాలన్నది ఇంకో నియమం. నిజం చెప్పేస్తే ఇక దాచడానికేం మిగులుతుంది?

నోట్స్ రాసేవాళ్ళు వేరే ఉండాలి, చూసిందే రాయాలి అంటారు. "మెనూ మూడుసార్లు తెరిచి మూశారు" అన్నది చూసింది. "యూజర్‌కు టెక్నాలజీ రాదు" అన్నది మన తీర్పు. రెండోది పొట్టిగా ఉంటుంది, స్లైడ్‌లో పడుతుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న వాడికి నాలుగో కాలు వీడియోలో కనబడినా ఎడిటింగ్‌లో పోతుంది.

ఎంతమందితో పరీక్షించాలన్న ప్రశ్నకు అందరికీ నోటికొచ్చిన జవాబు అయిదుగురు. నీల్సన్, లాండావర్ అనే పరిశోధకులు 1993లో చూపిన లెక్క ప్రకారం సగటున ఒక్కో మనిషి వల్ల 31 శాతం సమస్యలు బయటపడతాయి, అయిదుగురితో దాదాపు 85 శాతం. అది ఒకే తరహా యూజర్లకు, ఆ సగటు వర్తించే చోట. కొనేవాళ్ళు వేరు, అమ్మేవాళ్ళు వేరు అయితే రెండు గుంపులూ విడివిడిగా కావాలి. పదిహేను మందిని ఒకేసారి కూర్చోబెట్టే బదులు అయిదుగురితో చూసి, దిద్ది, మళ్ళీ అయిదుగురితో చూడమన్నదే ఆ సలహాలో సారం. ఈ "దిద్ది" అన్న మాట దగ్గరే అందరికీ చెవుడు వస్తుంది. మనం చేయాల్సింది వేరే: అయిదుగురిలో నలుగురు గట్టెక్కితే "విజయం 80 శాతం" అని పెద్ద అక్షరాల్లో వేయడం. అయిదుగురి మీద ఆ అంకెకు 95 శాతం విశ్వాస పరిధి (అసలు విజయం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) లెక్క వేస్తే సుమారు 36 నుంచి 98 వరకూ సాగుతుంది. అంత పొడుగు పరిధి స్లైడ్‌లో పట్టదు.

పట్టికలంటే మోజున్నవాళ్ళకు ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ఉంది, వాడటం ఎంత తేలికో కొలిచేది. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నపత్రం. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకూ మార్కు. బేసి వాక్యాలు మెచ్చుకోలు, సరి వాక్యాలు తిట్లు. బేసివాటిలో మార్కులోంచి 1 తీసేయాలి, సరివాటిలో 5 లోంచి మార్కు తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. వచ్చేది నూటికి లెక్క అయినా శాతం కాదు, సగటు 68 దగ్గర ఉంటుంది. చదవకుండా అన్నిటికీ 5 పెట్టినవాడికీ 50 వస్తుంది, అన్నిటికీ 1 పెట్టినవాడికీ 50 వస్తుంది, అన్నిటికీ 3 పెట్టిన తటస్థుడికీ 50 వస్తుంది. ఇంత సమదృష్టి వేదాంతంలో కూడా దొరకదు. సరి వాక్యాలను తిరగేయడం మర్చిపోయి కూడేస్తే ఆ అన్నిటికీ 5 వాడు ఏకంగా నూటికి నూరు కొడతాడు. మర్చిపోవడమే మేలని ఇక్కడ విడిగా చెప్పాలా?

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి అసలు బటన్ అయిదుగురిలో ఒక్కరికీ కనబడదు. అప్పుడు బటన్‌ను కదిలించకూడదు, అది ఓటమి ఒప్పుకోవడం. దాని పక్కన మెరిసే చుక్క పెట్టాలి. చాలకపోతే టూల్‌టిప్, అంటే పక్కన తేలే చిన్న వివరణ డబ్బా. అదీ చాలకపోతే యాప్ తెరవగానే ఏడు స్లైడ్ల పరిచయ యాత్ర, ఒక్కో స్లైడ్‌లో ఒక్కో బాణం గుర్తు, మిగతా తెరంతా నల్లగా. దాన్ని మళ్ళీ అయిదుగురికి చూపించండి. ఈసారి అయిదుగురికి అయిదుగురూ, ఎవరి సాయమూ లేకుండా, ఒక్క క్షణం తడుముకోకుండా ఒక బటన్ కనిపెట్టేస్తారు. దాని మీద "దాటవేయి" అని ఉంటుంది. కేస్ స్టడీలో నూరు శాతం అని రాసుకోవచ్చు.