కొత్తగా... నోళ్లు

ఇది నిన్న ఆదివారం జరిగింది. ఈ రోజే రాసేస్తున్నాను. రేపటికి నాకే నవ్వొచ్చిందంటే ఇక కోపం మిగలదు.

మా ఆయనకు బ్యాంకులో గుంటూరు నుంచి తిరుపతికి బదిలీ అయి మూడు వారాలైంది. ఇల్లు, గ్యాసు, అమ్మాయికి కాలేజీ, అబ్బాయికి స్కూలు పదిరోజుల్లో కుదిరాయి. కుదరనిది చర్చి ఒక్కటే. గుంటూరులో ఈ బాధ లేదు. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చినప్పటి నుంచి ఉన్న లూథరన్ సంఘం మాది. పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే. ఏ బెంచీలో ఏ చివర కూర్చుంటే ఫ్యాను గాలి తగులుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

ఇక్కడ సలహా కోసం మా నాన్నకు ఫోన్ చేయడం నా మొదటి తప్పు. తిరుపతి వైపు లూథరన్లు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ తాలూకు అట, మనం అమెరికా మిషన్ తాలూకు అట, చిత్తూరు, మదనపల్లె వైపు ఆర్కాటు మిషన్ అట, ఆ ఆర్కాటు వాళ్లు 1947లో సీయస్సైలో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో, కలిసిపోయారట, మనం కలవలేదట. "నాన్నా, నాకు ఇంటికి దగ్గర్లో ఒక చర్చి కావాలి" అంటే, "అదే చెబుతున్నానమ్మా" అని మళ్లీ జర్మనీ దగ్గర మొదలుపెట్టాడు.

మొదటి ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని, బైబిళ్లు సంచిలో పెట్టుకుని వీధి చివరికి వెళ్లగానే ఆటో అబ్బాయి "కొండకా సార్? అలిపిరిలో దించేదా?" అన్నాడు. చర్చికి అంటే, ఈ ఊరికి వచ్చి చర్చి అడుగుతారేమిటన్నట్టు ఒకసారి చూశాడు. ఆ చర్చిలో అంతా బాగానే ఉంది కానీ ప్రభువు ప్రార్థనలో మేం నలుగురం "మా అపరాధములు" అంటుంటే మిగతా అందరూ "మా ఋణములు క్షమించుము" అన్నారు. మా ఆయన లోన్ల సెక్షన్. బయటికి వచ్చాక, "ఇంతమంది కలిసి గట్టిగా అడుగుతుంటే నాకు భయం వేసింది" అన్నాడు. రెండో ఆదివారం వెళ్లిన చోట మా వాడు నిద్రపోయాడు. అంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

నిన్నటిది మూడోది. ఇంటికి రెండు వీధుల అవతల రేకుల షెడ్డు, నేల మీద చాపలు, మగవాళ్లు ఆ పక్క, ఆడవాళ్లు ఈ పక్క. మా అమ్మాయి స్తంభం చూసుకుని దాని వెనక చేరింది. మా వాడు డ్రమ్ముల పక్కకు పోయి ఇక కదల్లేదు. పాటలు బాగున్నాయి. మనుషులూ మంచివాళ్లు. పక్కన కూర్చున్న పెద్దావిడ నేను అడక్కుండానే జరిగి చాప మీద చోటిచ్చింది. తప్పంతా ఆ మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడిది.

ఎకో గురించి నాలుగు మాటలు చెప్పాలి. పాటకు కాస్త ఎకో పెడితే బాగుంటుంది, ఒప్పుకుంటాను. ప్రకటనలకు ఎందుకు? "మంగళవారం ఉపవాస ప్రార్థన" అని ఒక్కసారి చెబితే మాకు నాలుగు మంగళవారాలు వినబడ్డాయి. ఆ కుర్రాడేమో హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవి మాలాంటి వాళ్ల బాధ వినడానికన్నట్టు వదిలేసి, ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ ఎకోకు పైన రేకులు, కింద పెడస్టల్ ఫ్యాన్లు తోడు. అప్పుడు పాస్టరుగారు మైకు తీసుకుని ఒక మాట అన్నారు. నా చెవిన పడింది ఇది:

"ఈ వారం కొత్తగా ...నోళ్లు నోళ్లు నోళ్లు ముందుకు రాండి రాండి రాండి!"

కొత్తగా వచ్చినోళ్లు. ఇంకేముంటుంది? ఏ చర్చిలోనైనా కొత్తవాళ్లను నిలబెట్టి పేరు అడుగుతారు, ఒక కార్డు నింపమంటారు. ఇక్కడ ముందుకు రమ్మంటున్నారు, పద్ధతి అనుకున్నాను. మగవాళ్ల వైపు చూసి మా ఆయనకు కళ్లతో సైగ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను మళ్లీ సైగ చేశాను. ఇరవై ఏళ్ల కాపురంలో నా రెండో సైగను ఆయన ఎప్పుడూ కాదనలేదు. ఆయన అటు నుంచి, నేను కొంగు నెత్తిన వేసుకుని తల దించుకుని ఇటు నుంచి బయల్దేరి సరిగ్గా మధ్యలో కలుసుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే, దానికి మార్చ్ మ్యూజిక్ ఒక్కటే తక్కువ.

ముందు అప్పటికే ఒక జంట నిలబడి ఉంది. అబ్బాయి కొత్త సూటు, అమ్మాయి తెల్ల పట్టుచీర, మోచేతుల దాకా గోరింటాకు, జడ కనబడకుండా మల్లెపూలు. ఓహో, వీళ్లూ మొదటిసారి వచ్చినట్టున్నారు, ఎంత ముచ్చటగా తయారై వచ్చారో అనుకున్నాను. నా కాటన్ చీర కుచ్చిళ్ల దగ్గర ఇస్త్రీపెట్టె మచ్చ ఉంది. దాన్ని చేతిసంచితో కప్పుకున్నాను.

పాస్టరుగారు మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం నేను గమనించాను. మా ఆయనకు 49. జుట్టు అంతా తెలుపే, రంగు వేయడు. నాకు 44. పాస్టరుగారు వెంటనే సర్దుకుని, ఎంతో ఆప్యాయంగా మైకు నా ముందు పెట్టారు.

"ఎన్నాళ్లాయెనమ్మా?"

తిరుపతి వచ్చి ఎన్నాళ్లని. "మూడు వారాలండి."

"స్తోత్రం! యాడ, ఈడనేనా?"

"కాదండి, గుంటూరు. ఇక్కడికి తీసుకొచ్చేశారు."

"హల్లెలూయ!" అన్నారు ఆడవాళ్లంతా. గుంటూరు అంటే ఇంత గౌరవమా అని నాకు ఛాతీ ఉప్పొంగింది.

పాస్టరమ్మగారు రెండు గంధపు మాలలు తెచ్చారు, ఆ జంట కోసం. మమ్మల్ని చూసి లోపలికి పరుగెత్తి ఇంకో రెండు పట్టుకొచ్చారు. ఒకదానికి దారం తెగి ముడి వేసి ఉంది. "ఒకరికొకరు వేసుకోండమ్మా" అన్నారు. కొత్తవాళ్లకు మాలలు! గుంటూరులో మేం ఏనాడూ ఎవరికీ ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చిన పాపాన పోలేదు, వెళ్లాక కమిటీకి ఈ సంగతి చెప్పాలి అనుకుంటూ మా ఆయన మెడలో మాల వేశాను. ఆయన నా మెడలో వేశాడు, ముడి ఉన్నది. నా జడకు చిక్కుకుంది. ఎవరో ఫోటో తీశారు.

ఇక ప్రార్థన. అందరం కళ్లు మూసుకున్నాం. మొదట ఆ చిన్న జంట కోసం ద్రాక్షావల్లి, ఒలీవ మొక్కలు, 128వ కీర్తన. నా పెళ్లిలోనూ ఇదే చదివారే అని ఎక్కడో చిన్న అనుమానం తగిలింది. తగిలేలోపు పాస్టరుగారి చెయ్యి మా ఆయన నెత్తి మీదికి వచ్చింది.

"ప్రభువా! ఆలస్యమైనా ఈ బిడ్డలను ఒకటి చేసినావు తండ్రీ తండ్రీ తండ్రీ! నీకు వయసుతో పని లేదయ్యా! వందేండ్ల అబ్రాహామును మరిచిపోలేదు! తొంబయ్యేండ్ల శారా గర్భాన్ని తెరిచినావు! ఈ సహోదరి గర్భాన్ని కూడా కూడా కూడా..."

కళ్లు తెరిచాను. ఎదురుగా స్తంభం పక్కనుంచి మా అమ్మాయి ముఖం కనిపించింది. ఇంటర్ సెకండియర్. నోటి మీద చున్నీ అడ్డం పెట్టుకుని ఉంది. అది ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు గానీ భుజాలు ఊగుతున్నాయి. నేను చెయ్యి ఎత్తి ఆపుదామనుకున్నాను. ఎత్తిన చేతిని చూసి పక్కనున్న ఆవిడలు నాకు ఆత్మ తగిలిందనుకుని గొంతులు పెంచారు. చెయ్యి దించాను. ప్రార్థన ఎలీసబెతు, జెకర్యాల దాకా వెళ్లింది. బైబిల్లో లేటు వయసులో పిల్లల్ని కన్నవాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు నిన్నటిదాకా తెలియదు.

ఒక మాట నిజంగా బాధ పెట్టింది, రాసేస్తాను. అబ్రాహాముతో పోలిస్తే మా ఆయన ఏమీ అనుకోలేదు. మగవాళ్లకు అదొక బిరుదు. తొంభై ఏళ్ల శారా ఏమిటండీ? 44కు, 90కి మధ్యలో ఇంకెవరూ లేరా?

ఆమెన్ అయింది. మా ఆయనకు అప్పటికీ ఏమీ అర్థం కాలేదు. ఆ మాటలన్నీ ఆయన చెవిలో కేవలం ఎకోగా పడ్డాయి. పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ, "మీ జతకు ఇంకెవురైనా వచ్చినారా సార్? అమ్మ, నాయన?" అన్నారు. నేను కొంగు లాగేలోపే మా ఆయన మైకులోకి వంగి, బ్యాంకు కౌంటర్లో చెప్పినంత స్పష్టంగా చెప్పాడు:

"ఇద్దరు పిల్లలండి. పెద్దది బైపీసీ."

పీసీ. పీసీ. పీసీ.

ఆ నిశ్శబ్దంలో డ్రమ్ముల పక్కన నిలబడ్డ మా వాడి మోచేయి తాళానికి తగిలి ఠంగుమంది. అది కావాలని కొట్టలేదంటాడు. నేను నమ్మను.

తర్వాత ఎవరెవరు ఏమన్నారో సగం గుర్తు లేదు. అందరూ నవ్వారు, పాస్టరుగారు అందరికన్నా ఎక్కువ నవ్వి క్షమించమన్నారు. పెద్దావిడ నన్ను చాప మీదికి లాగి కూర్చోబెట్టి, "పోనీలే మ్మా, ప్రార్థన వృథా పోదు" అంది. అలా అనకుండా ఉంటే బాగుండేది. ఐదు నిమిషాల తర్వాత మిక్సర్ కుర్రాడికి ఎవరో చెప్పినట్టున్నారు, ఎకో పూర్తిగా తీసేశాడు. పాస్టరుగారి మాట అద్దంలా వినబడింది.

"ఇప్పుడు మన మధ్యకు కొత్తగా వచ్చినోళ్లు దయచేసి నిలబడండి."

మేం నలుగురం నేల చూపులు చూస్తూ కూర్చున్నాం.

గేటు దగ్గర పాస్టరమ్మగారు నా నంబరు తీసుకున్నారు. తప్పించుకునే తొందరలో మా ఆయన మెడలో మాల ఉన్న సంగతి ఎవరమూ చూడలేదు. వీధి చివర ఆటో అబ్బాయి మాత్రం చూశాడు. లేచి నిలబడి మరీ అడిగాడు, "దర్శనం బాగా అయిందా సార్?"

"బాగా అయింది" అన్నాడు మా ఆయన.

ఈ రోజు పొద్దున పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. ఎంతో మర్యాదగా, పిల్లలిద్దరినీ అడిగి, చివర్లో అసలు మాట చెప్పారు. ఆ మాలలు చర్చివట, వచ్చే ఆదివారం ఇంకో పెళ్లి జంట ఉందట, మీరు ఎటూ వస్తారు గదా, అప్పుడు తెచ్చీండి అన్నారు. నాది దొరికింది, జడలోంచి కత్తిరించి తీసింది. మా ఆయనది మా వాడు సైకిలు హ్యాండిలుకు కట్టుకుని స్కూలుకు వెళ్లాడు.