చప్పుడు ముందు, కారు వెనుక

మా మారుతి 800 వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లో చాయ్ గిన్నె పొయ్యి మీదికి ఎక్కేది. మా ఆవిడకు హారన్‌తో పనిలేదు. మూలమీది స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే ముందు చక్రాల దగ్గర ‘టంగ్’ అని ఒకటి, దిగగానే ‘టక్ టక్’ అని రెండు. వీధి మధ్యలో పడుకునే నల్లకుక్క కూడా ఆ చప్పుడుకే లేచి పక్కకు జరిగేది. వేరే కార్లకు లేచేది కాదు. పై వాటాలో అద్దెకుండే కుర్రాడు ఒకటో తారీఖు దాటిన రోజుల్లో ఆ చప్పుడు వినే లైటు ఆర్పేసేవాడని తర్వాత తెలిసింది.

బండి 1999 మోడల్. ఆ వయసులో కీళ్ళు చప్పుడు చేయవా మరి అని నేను సర్దుకుపోయాను. మా వియ్యంకుడు సర్దుకుపోలేదు.

సంక్రాంతికి వచ్చినాయన్ను పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్ళాను. నల్లగొండ నుంచి ఎంత దూరమని, ఇలా ఎక్కి అలా దిగడమే. క్లాక్ టవర్ దాటేదాకా ఆయన పైనున్న హ్యాండిల్ పట్టుకుని మర్యాదగా ఓర్చుకున్నారు. మొదటి గుంతలో అడిగారు.

“బావగారూ, కింద ఏమన్నా కట్టుకొచ్చారా?”

“లేదు బావగారూ, పాత బండి కదా.”

“1983లో ఇందిరాగాంధీ తాళాలిచ్చిన బండి ఇదేనా?”

అంత పాతది కాదని చెప్పేలోపు ఇంకో గుంత వచ్చింది. జవాబు కారే చెప్పింది. గుడిలో శివలింగం వెనుక రోజంతా కదలకుండా నిలిచే నీడను చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, “మీ బండిలో కూడా ఇట్లా కదలనిది ఒక్కటన్నా ఉంటే బాగుండు” అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆటో మాట్లాడుకుందామన్నారు. పిల్లనిచ్చినవాణ్ణి, ఏమంటాను.

మర్నాడే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అతను జాకీ వేసి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. తర్వాత చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ సందులో కడ్డీ పెట్టి తిప్పాడు. అక్కడ రబ్బరు ఉండాల్సిన చోట ఎండిన రేగొడియం లాంటిదేదో పొడిపొడిగా రాలింది.

“సార్, బుష్షులు ఖతమైనయ్. లోయర్ ఆర్మ్‌వి, స్టెబిలైజర్ రాడ్‌వి రెండూ మార్చాలె. ఈ బండికి ఆ రాడ్డే ఆర్మును ముందుకూ ఎనకకూ పోకుండ పట్టుకుంటది. అది లూజైతే బ్రేక్ కొట్టినప్పుడల్ల చక్రం జరుగుతది, చప్పుడొస్తది.”

రబ్బరు ముక్కల ఖర్చు తక్కువే. కూలి మాత్రం దానికి మూడింతలు చెప్పాడు. నాలుగు నట్లు విప్పి నాలుగు నట్లు బిగించడానికి ఇంతా అనుకుని, రబ్బరు ముక్కలు మాత్రం కొనుక్కుని ఇంటికొచ్చాను. మా ఆవిడ “మీకెందుకు ఈ పని, మెకానిక్‌కు ఇయ్యరాదా?” అంది. ఇలాంటి మాటలకు నేను సాధారణంగా జవాబివ్వను.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. టార్చి పట్టుకోవడానికి మా మేనల్లుడు. కారు ముందు భాగాన్ని స్టాండ్ల మీద నిలబెట్టి చక్రాలు తీసేశాం. మొదటి నట్టు పదకొండింటికి కదిలింది. నట్టుతో పాటు నా మూడు వేళ్ళ కణుపుల మీది తోలు కూడా కదిలింది. పాత బుష్షును వెల్డింగ్ షాపతని వైస్‌లో పెట్టి ఊడదీశాం, కొత్తదాన్ని సబ్బు నీళ్ళు పూసి అందులోనే నొక్కి ఎక్కించాం. స్టెబిలైజర్ రాడ్ దగ్గర అసలు కథ. కుక్కి మంచం కోళ్ళు సరిచేసినట్టే, ఈ కొస ఎక్కిస్తే ఆ కొస దిగుతుంది. ఇద్దరం చెరో పక్క పడుకుని “నొక్కు, నొక్కు” అని అరుస్తుంటే పక్కింటావిడ ఎవరికో కాన్పు అవుతోందనుకుని గోడ మీంచి తొంగిచూసింది.

అన్నీ ఎక్కాయి. బిగించడమే మిగిలింది.

“మామా, వీడియోలో చక్రాలు ఎక్కించి కారును కిందికి దించినంకనే ఫుల్ టైట్ చేయమంటున్నడు.”

“కిందికి దించితే చెయ్యెట్లా దూరుతుంది రా? నువ్వు టార్చి సరిగ్గా పట్టు.”

గాలిలో ఉండగానే పానా మీద కాలు పెట్టి మరీ బిగించాను.

మూడు వారాలు కారు పిల్లిలా తిరిగింది. కూలి డబ్బులు మిగిల్చిన సంగతి మా ఆవిడకు రోజుకోసారి గుర్తుచేశాను. నాలుగో వారం మూలమలుపులో ‘టంగ్’. ఇంట్లో పొయ్యి వెలిగింది.

మెకానిక్ నేను వేసిన బుష్షునే విప్పి నా అరచేతిలో పెట్టాడు. కొత్త రబ్బరు ఒక పక్కంతా ఎండాకాలం చెరువడుగులా నెర్రెలిచ్చింది.

“చక్రాలు గాలిల ఉండంగ టైట్ చేసిండ్రా సార్?”

మేనల్లుడు సెల్‌ఫోన్‌లో చాలా ముఖ్యమైనదేదో చూస్తున్నాడు.

“ఇది తిరిగే సామాను కాదు సార్, మెలిపడే సామాను. నట్టు టైట్ చేస్తే లోపలి గొట్టం ఆడనే పట్టుకపోతది. బయటిది ఆర్ముతోని లేస్తది, నడుమ రబ్బరు మెలిపడతది. మీరు ఆర్ము కిందికి ఏలాడుతుంటే బిగించిండ్రు. బండి కిందికి దిగంగనే రబ్బరు మెలిపడ్డది, నెలరోజులు అట్లనే ఉన్నది. మెడ పక్కకు తిప్పి నెల దినాలు పండుకుంటే మీకెట్లుంటది?”

మళ్ళీ బుష్షులు కొన్నాను. ఈసారి కూలి కూడా ఇచ్చాను. అతను నట్లు వేలితో పట్టించి, చక్రాలు ఎక్కించి, కారును నేల మీదికి దించి, ముందు భాగాన్ని నాలుగుసార్లు నొక్కి వదిలాడు. బరువంతా చక్రాల మీద కూర్చున్నాక షెడ్డులో కారు కింద ఉండే గుంతలోకి దిగి కింది నుంచి బిగించాడు. చెయ్యి బాగానే దూరింది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించుకున్నాను, అదో ఖర్చు. మిగిల్చిన కూలి లెక్క ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం స్పీడ్ బ్రేకర్ మీద కారు గుమ్మడికాయ దించినంత మెత్తగా దిగింది. ‘టంగ్’ లేదు, ‘టక్ టక్’ లేదు. పై వాటాలో లైటు వెలుగుతూనే ఉంది. కుర్రాడు వరండాలో నిలబడి హాయిగా ఫోన్ మాట్లాడుతున్నాడు. నన్ను చూసి అతని మాట ఆగిపోయింది. ఆ ఆనందంలో నల్లకుక్కను చూసుకోలేదు. అది తోక కూడా కదపకుండా రోడ్డు మధ్యలో నిద్రపోతోంది.

బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు వీధంతా వినబడేలా కీచుమన్నాయి. కుక్క ఒక కన్ను తెరిచి చూసింది.

వంటింట్లోంచి లైటర్ చప్పుడు వినిపించింది.