ఒకే ఒరలో రెండు కత్తులు

ఒకప్పుడు ఫ్రాన్స్ రాణివాసానికి పెద్ద 'సూరింతాందాంత్' అనే ఉద్యోగిని. 1741లో క్లెర్మోన్ యువరాణి చనిపోయాక ఆ పదవి ఖాళీగా ఉండిపోయింది. 1775లో అప్పటి రాణి మేరీ ఆంటోనెట్ పట్టుబట్టి దాన్ని తన నెచ్చెలి లాంబాల్ యువరాణికి ఇప్పించింది. అది సబబేనా?

ప్రతివాది: కాదు. 1741 నుంచి రాణి మారీ లెజిన్స్కా కన్నుమూసిన 1768 దాకా, 27 ఏళ్లు ఈ పదవి లేకుండానే గడిచింది. కొత్తగా చేరే స్త్రీల చేత ప్రమాణం చేయించడం, లెక్కలు, సిబ్బంది జాబితా అన్నీ 'దామ్ దొనర్', అంటే రాణి కొలువులో ఆ తర్వాతి పెద్ద ఉద్యోగిని, చూసుకుంది. ఆమె నెత్తిన ఇంకొకరిని కూర్చోబెట్టడం ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చడమే. 1775లో దామ్ దొనర్‌గా ఉన్న నోయాయ్ దొరసాని అందుకే రాజీనామా చేసి వెళ్లిపోయింది.

వాది: రాణి కొలువులో పద్ధతులు ఎంత బిగుసుకున్నాయో చూడండి. రాణికి లోపలి చొక్కా అందించే హక్కు గదిలో ఉన్నవాళ్ల హోదాను బట్టి మారేది. ఒక చలికాలం సంగతి రాణి పరిచారిక కాంపాన్ రాసిపెట్టింది. రాణి ఒంటిమీద బట్టలేకుండా నిలబడి ఉంది. చొక్కా కాంపాన్ చేతిలోంచి దామ్ దొనర్‌కు వెళ్లింది. ఇంతలో తలుపు గీకిన చప్పుడు: ఓర్లెయాన్ డచెస్. రాజవంశపు స్త్రీకి దామ్ దొనర్ నేరుగా ఇవ్వకూడదు; వెనక్కి కాంపాన్‌కు, ఆమె నుంచి డచెస్‌కు. మళ్లీ తలుపు: రాజు మరదలు ప్రొవాన్స్ కౌంటెస్. చొక్కా మళ్లీ చేయి మారింది. రాణి చేతులు గుండెకు అడ్డం పెట్టుకుని వణుకుతూ నిలబడింది. ఇక చాలని చెప్పే అధికారం అక్కడ ఏ ఉద్యోగినికీ లేదు.

ప్రతివాది: హోదాలో ఇంకో మెట్టు పైనున్న మనిషి వస్తే ఆ వరసలో ఇంకో చేయి చేరుతుంది గానీ తగ్గదండీ! పైగా జీతం ఏడాదికి 1,50,000 లివ్రలు (అప్పటి ఫ్రెంచి నాణేలు), అదీ ఆర్థిక మంత్రి త్యుర్గో ఖర్చులు కోస్తున్న రోజుల్లో. ఈ పదవిని రాణి మేలు కోసమే వాడారా? 1679లో 14వ లూయీ దీన్ని తన ప్రియురాలు మోంతెస్పాన్‌కు కట్టబెట్టాడు. రాణి మారీ తెరేజ్ ఇంటికి సవతే పెద్దదైంది!

వాది: జీతం ఎక్కువే, ఒప్పుకుంటాను. మోంతెస్పాన్ ఎంపిక రాణికి అవమానమే, కానీ ఆ ఎంపిక రాజుది. 1775లో ఎంచుకున్నది రాణి.

ప్రతివాది: ఎంచుకున్న కొన్నాళ్లకే ఆమె మనసు పోలిన్యాక్ దొరసాని మీదికి మళ్లింది. లాంబాల్ పదవి, జీతం మాత్రం అలాగే నిలిచాయి.

వాది: ఆ పోలిన్యాక్ ఫ్రెంచి విప్లవం మొదలవగానే, 1789 జులైలోనే దేశం విడిచింది. లాంబాల్ విదేశంలో క్షేమంగా ఉండి కూడా వీలునామా రాసి, 1791 నవంబరులో రాణి దగ్గరికి తిరిగి వచ్చి తన కొలువులో చేరింది. 1792 సెప్టెంబరు 3న లా ఫోర్స్ జైలు బయట గుంపు ఆమెను చంపింది.