తుపాకీ పట్టనివాడు యుద్ధం గురించి రాయకూడదా?

యుద్ధ చరిత్ర పుస్తకాల మాట వచ్చినప్పుడల్లా ఒక ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. మామూలు పాఠకుల కోసం రాసిన యుద్ధ పుస్తకాలు చరిత్రే కాదట. రాసేవాళ్లు ఎన్నడూ తుపాకీ పట్టినవాళ్లు కారట, అమ్ముడుపోవడానికి మసాలా దట్టిస్తారట, కుర్రాళ్లలో యుద్ధం మీద మోజు పెంచుతారట. నేను ఏళ్ల తరబడి ఇష్టంగా చదువుతున్నవి ఈ పుస్తకాలే. అందుకే ఆ మెసేజ్ చూసి ఊరుకోలేకపోయాను. ఈ కోవలో అందరికన్నా పేరున్న బ్రిటిష్ చరిత్రకారుడు జాన్ కీగన్‌నే తీసుకుని చూద్దాం.

మొదటిది, తుపాకీ పట్టనివాడికి ఏం తెలుసన్న మాట. కీగన్ సైనికుడు కారు, నిజమే. 1934లో లండన్‌లో పుట్టారు. పదమూడో ఏట ఎముకల క్షయ వచ్చి కాలు జీవితాంతం కుంటుపడింది, సైన్యంలో చేరే దారి అక్కడితో మూసుకుపోయింది. అలాంటి మనిషి 1960 నుంచి 26 ఏళ్లు శాండ్‌హర్స్ట్‌లో, అంటే బ్రిటిష్ సైన్యం తన ఆఫీసర్లను తయారుచేసుకునే చోట, సైనిక చరిత్ర పాఠాలు చెప్పారు. ఎదురుగా కూర్చున్న కుర్రాళ్లు రేపో మాపో యుద్ధానికి వెళ్లేవాళ్లు. ఆ ఇబ్బందిని ఆయన దాచుకోలేదు. 1976లో వచ్చిన ‘ది ఫేస్ ఆఫ్ బ్యాటిల్’ మొదలయ్యేదే ఆ ఒప్పుకోలుతో: తాను యుద్ధంలో లేను, దగ్గర్లో లేను, దూరం నుంచి ఆ చప్పుడైనా వినలేదు అని. తెలియదు కాబట్టే అడిగారు. పొగలో ఆ సిపాయికి ఎంత దూరం కనిపించింది? పక్కవాడు కూలిపోయాక కూడా ఎందుకు పారిపోలేదు? గాయపడ్డవాణ్ణి ఎవరు మోశారు? యుద్ధం చేసి వచ్చినవాళ్లకు ఇవి తెలిసిన సంగతులే, అడగాలని తోచదు. పైగా ఫార్వర్డ్‌లో చెప్పిన లెక్కే పెట్టుకుంటే 1415 నాటి యుద్ధం గురించి ఇవాళ ఎవరూ రాయడానికి లేదు కదా!

మసాలా సంగతి. ఆ 1415లోనే ఫ్రాన్స్‌లోని అజిన్‌కోర్ట్‌లో, రాత్రంతా వాన పడి బురదైన దున్నిన పొలంలో, ఇంగ్లిష్ సేన ఫ్రెంచి వీరుల్ని ఓడించింది. శవాలు మనిషెత్తు గుట్టలుగా పడ్డాయని ఆనాటివాళ్లు రాశారు. మసాలా కావాలనుకుంటే ఆ గుట్టని ఇంకో రెండు మూరలు పెంచి రాసుకోవచ్చు. కీగన్ చేసింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని. 1945లో బెల్సెన్ నాజీ శిబిరంలో బుల్‌డోజర్లతో శవాలను పూడ్చిన ఫిల్ము గుర్తుచేసి, యంత్రంతో నెట్టినా మనిషి శరీరాలు గోడలా లేవవు, విస్తరించి పడతాయి అంటారు. చదవలేక ఒక్క క్షణం పుస్తకం మూసేశాను. కానీ సాక్ష్యాన్ని పరీక్షించడమంటే అదే. 1815లో నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ దగ్గరా అంతే. గుర్రాలు బాయినెట్ల (తుపాకీ కొసన బిగించే కత్తుల) వరుసల్ని గుద్దుకుంటూ దూసుకెళ్లడం బొమ్మల్లో బాగుంటుంది. ముందు కదలని అడ్డుగోడ ఉందని తెలిస్తే గుర్రం దాన్ని గుద్దదు, ఆగుతుంది, లేదా పక్కకి తిరుగుతుంది అని ఆయన గుర్తుచేస్తారు. 

బొబ్బిలి కథ బుర్రకథలో విని పెరిగినవాణ్ణి నేను. తాండ్ర పాపయ్య పౌరుషం నాకు చిన్నప్పుడే తెలుసు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మోగుతుంటే కోటగోడ వెనక నిలబడ్డ పేరులేని మనిషికి ఏం కనిపించిందో అన్న ఆలోచన మాత్రం కీగన్‌ని చదివాకే వచ్చింది.

తప్పులున్నాయి కదా అంటే, ఉన్నాయి. 1993 నాటి ‘ఎ హిస్టరీ ఆఫ్ వార్‌ఫేర్’లో యుద్ధ సిద్ధాంతం రాసిన ప్రష్యా సేనాని క్లాజ్‌విట్జ్‌ని సరిగా అర్థం చేసుకోలేదని పండితులు తప్పుపట్టారు, నాకూ అదే న్యాయమనిపిస్తుంది. 2009లో వచ్చిన అమెరికా అంతర్యుద్ధం పుస్తకంలో భౌగోళిక పొరపాట్లను ఆ రంగంలో పెద్దవాడైన జేమ్స్ మెక్‌ఫర్సన్ బయటపెట్టారు. సాటి చరిత్రకారుడు కూర్చుని తప్పులు ఏరాడంటేనే దాన్ని చరిత్రగా లెక్కపెట్టాడని అర్థం.

ఇక మోజు. 2003 ఇరాక్ యుద్ధాన్ని కీగన్ సమర్థించారు, ఆ విషయంలో నేను ఆయనతో లేను. కానీ పుస్తకం ఏం చేస్తుందో చదివి చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 జూలై 1న, ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యం ఒక్క రోజులో 57 వేలమందికి పైగా నష్టపోయింది, అందులో చనిపోయినవాళ్లే 19 వేలకు పైన. అంతకుముందు వారం రోజులు ఫిరంగులు మోగినా జర్మన్లు లోతైన నేలమాళిగల్లో ఎలా బతికారో కీగన్ వివరంగా రాస్తారు. ఆ తర్వాత గాయపడ్డవాళ్ల దగ్గరికి వస్తారు. జూలై నాలుగో వారంలో ఒక ఆఫీసర్ ఆ నేల మీదుగా నడిచాడు. మొదటి రోజు దెబ్బతిన్నవాళ్లు అక్కడే ఉన్నారు. ఫిరంగి గుండ్లు తవ్విన గోతుల్లోకి పాక్కుంటూ వెళ్లి, వానకి కప్పుకునే షీట్లు ఒంటికి చుట్టుకుని, బైబిళ్లు బయటికి తీసుకుని, అలాగే చనిపోయి ఉన్నారు.