పద్యం ఉన్న బండ ఒక్కటే మిగిలితే సరిపోతదా

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తొవ్వల గంగాధర మండలం కురిక్యాల దగ్గర ఒక గుట్ట ఉంది, బొమ్మలగుట్ట అంటరు. బస్సుల కూసొని చూస్తే చుట్టుపక్కల ఉన్న పదింట్ల అదొకటి, అంతే. ఎక్కి చూస్తేనే సంగతి తెలుస్తది. నిలువు బండ మీద నడుమ జైనుల దేవత చక్రేశ్వరి, అటూ ఇటూ జైన తీర్థంకరులు, కింద అక్షరాలు. క్రీ.శ. 945 ప్రాంతం నాటి శాసనం అది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నయ్, తెలుగు వంతుకు మూడు కంద పద్యాలు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి దాదాపు వందేళ్ళ ముందు సంగతి ఇది. చెక్కించినాయన జినవల్లభుడు, వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువుల ఉన్న కన్నడ ఆదికవి పంపడికి సొంత తమ్ముడు.

2008ల తెలుగుకు ప్రాచీన హోదా కోసం ఆధారాలు వెతికినప్పుడు ఈ బండ పేరు గట్టిగనే వినపడ్డది. హోదా వచ్చింది, సంబురాలు చేసుకున్నం, మా పత్రికతో సహా అందరం పేజీలకు పేజీలు రాసినం. గుట్ట మాత్రం గ్రానైట్ కోతల భయంల అక్కడే ఉంది.

ఇంతవరకు చాలామందికి తెలిసిన ముచ్చటే. మేము చెప్పదల్చుకున్నది ఆ శాసనంల ఇంకో పక్కన ఉంది. జినవల్లభుడు ఇక్కడ బొమ్మలు చెక్కించి ఊకోలేదు, త్రిభువన తిలకం అని ఒక బసది, అంటే జైన గుడి, కట్టించిండు, కవితాగుణార్ణవం అని చెరువు తవ్వించిండు, మదనవిలాసం అని తోట పెట్టించిండు, ఇవన్నీ శాసనంలనే ఉన్నయ్. కవితాగుణార్ణవుడు అనేది పంపడి బిరుదు, అన్న బిరుదును తమ్ముడు చెరువుకు పెట్టిండన్నమాట, ఇసుంటి తమ్ముళ్ళు ఇప్పుడు దొరుకుడు కష్టం. అంటే ఆయన లెక్కల గుట్ట, దాని కింద చెరువు, చెరువు కింద తోట అన్నీ ఒకటే. మన లెక్కల అయితే చెక్కిన బండ పురావస్తు శాఖది, మిగిలిన గుట్ట రెవెన్యూది, గుట్టల ఉన్న రాయి మైనింగ్ వాళ్ళది, కింద చెరువు ఇరిగేషన్ వాళ్ళది, సీతాఫలం చెట్లు ఎవ్వరివీ కావు. ఒక్క గుట్ట గురించి అడగాలంటే నాలుగు ఆఫీసులు తిరగాలె, ఒక్కో ఆఫీసుల ఇది మాది కాదు పక్కోళ్ళది అంటరు.

గుట్ట కింద ఎవుసం చేసే రైతును అడిగితే శాఖల పేర్లు చెప్పడు, వాన పడ్డప్పుడు ఏమైతదో చెప్తడు. నున్నటి బండ మీద పడ్డ నీళ్ళు ఇంకవు, నల్లగా చారలు కట్టిన దారుల్లంగ జర్రున జారి కిందికొస్తయ్. గుట్ట మొదట్ల గరుసు నేల ఉంటది, ఏండ్ల కొద్ది బండ అరిగి రాలిన పొడే అది, అక్కడ సగం నీళ్ళు ఇంకిపోతయ్, మిగిలినవి ఒర్రె పట్టుకొని కుంటల పడ్తయ్, కుంట నిండితే అలుగు పారి కింది చెరువుకు పోతయ్. అందుకే గుట్ట మొదట్ల ఉన్న బాయిల ఎండాకాలంల కూడా ఇంత చెమ్మ ఉంటది. కాకతీయుల కన్నా ముందు నుంచి ఈ నేల మీద చెరువులు కట్టినోళ్ళకు ఈ లెక్క తెలుసు. 2015ల మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగ చెరువుల పూడిక తీయాలనుకున్నం, మంచి పనే, కానీ ఆ చెరువులకు నీళ్ళు పంపే గుట్టల గురించి ఆ స్కీంల ఎవ్వరూ పెద్దగ మాట్లాడలే. పైన గుట్టను గ్రానైట్ కోసం కోసేసి కింద చెరువుకు పూడిక తీస్తే నీళ్ళు ఎక్కన్నుంచి వస్తయ్?

కోత అంటే ఎట్ల ఉంటదో చూడనోళ్ళ కోసం చెప్తున్నం. ముందు మీద ఉన్న మట్టి, చెట్లు తీసేస్తరు. తర్వాత బండకు వరుసగ బొక్కలు వేస్తరు, డైమండ్ వైర్‌తో కోస్తరు, కొన్నిచోట్ల మందు పెట్టి పేలుస్తరు. బ్లాకులు లారీ ఎక్కి, రైలెక్కి కాకినాడ పోర్టుకు పోతయ్, అక్కన్నుంచి చానామటుకు చైనాకు. కరీంనగర్ గ్రానైట్ల టాన్ బ్రౌన్, మాపుల్ రెడ్ రకాలంటే బయట దేశాలల్ల మంచి గిరాకీ. పగుళ్ళున్న రాయి, రంగు కలవని రాయి పనికిరాదు, దాన్ని అక్కడనే గుట్ట పక్కన ఇంకో గుట్ట లెక్క పోస్తరు, అదిపోయి ఒర్రెకు అడ్డం పడ్తది. పని అయిపోయినంక మిగిలేది మెట్లు మెట్లుగ కోసిన లోతు గుంత, అండ్ల పచ్చగ నిల్వ నీళ్ళు, అంచుల మీద సగం సగం డ్రిల్లు గీతలు. ఎండాకాలం సెలవుల్ల పిల్లలు ఈతకని పోయి ఇసుంటి గుంతల్ల మునిగిపోయిన వార్తలు మేమే ఎన్నోసార్లు రాసినం. గుట్టల ఉండే ఎలుగుబంట్లు తమ సొరికెలు (గుహలు) పోయి ఊళ్ళ మీద పడ్తుంటయ్, అప్పుడు అడవి జంతువుల బెడద అని హెడ్డింగ్ పెడ్తం, వాటి ఇల్లు ఎవరు కూలగొట్టిన్రో ఆ వార్తల ఉండదు.

గ్రానైట్ వద్దు అని మేము అంటలేం. జిల్లాల ఎన్నో వేల మంది దీని మీద బతుకుతున్నరు, డ్రైవర్లు, కటింగ్ మిషన్ల మీద పనిచేసేటోళ్ళు, పాలిషింగ్ యూనిట్లల్ల కూలీలు, హోటళ్ళు. సర్కారుకు సీనరేజీ, అంటే తీసిన రాయి మీద రుసుము, వస్తది, 2015 నుంచి గనులున్న ఊళ్ళ కోసం పెట్టిన జిల్లా మినరల్ ఫౌండేషన్ పైసలు కూడా ఉన్నయ్. మా ఆఫీసు మెట్లు కూడా ఆ రాయే, అబద్ధం ఎందుకు. కానీ ఏ గుట్టను కొయ్యొచ్చు, ఏ గుట్టను ముట్టొద్దు అనేది ముందే తేల్చుకోకుంట లీజుకు అప్లికేషన్ వచ్చినంక ఒక్కో ఫైలు మీద చూసుడు ఏం పద్ధతి? గ్రానైట్ చిన్న ఖనిజం కిందికి వస్తది, 1957 గనుల చట్టం ప్రకారం దాని మీద అధికారం రాష్ట్రానిదే, ఢిల్లీ మీద తోసే వీలు కూడా లేదు. ఒక్కసారి లీజు ఇస్తే 20 ఏళ్ళు, అప్పటికి గుట్ట ఉండదు గుట్టను ఎరిగినోళ్ళూ ఉండరు. ఆ రాయి పుట్టి దగ్గర దగ్గర 250 కోట్ల ఏళ్ళు.

కాపాడే చట్టాలు లేవా అంటే ఉన్నయ్. కేంద్రం రక్షణల ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా ఏం చేయొద్దు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా పర్మిషన్ కావాలె అని ఉంది. తెలంగాణకు 2017ల సొంతంగ వారసత్వ చట్టం కూడా వచ్చింది. కానీ ఈ చట్టాలన్నీ గుడి, కోట, సమాధి అసుంటి కట్టడాన్ని మనసుల పెట్టుకొని రాసినయ్. గుట్టకు మీటర్లు ఎక్కన్నుంచి కొలుస్తరు, శాసనం అంచు నుంచా, గుట్ట మొదట్ల నుంచా? శాసనం నుంచి టేపు పట్టి కొలిస్తే గుట్టకు అవతలి పక్క కోసుకోవచ్చని ఎవడైనా అంటడు. రేపు నడుమ ఒక్క బండ నిలబడి చుట్టూ గుంత ఉన్నా కాగితం మీద శాసనం భద్రమే అయితది. బొమ్మలగుట్ట గురించి చరిత్ర మీద ప్రేమున్నోళ్ళు ఏండ్లుగ మొత్తుకునేది ఇందుకే.

2025ల కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం యూనివర్సిటీ పిల్లలు రోడ్డెక్కితే దేశమంత చూసింది, సుప్రీంకోర్టు దాకా పోయి చెట్లు కొట్టే పని ఆగింది. ఆగాల్సిందే. అయితే అది హైదరాబాద్, కెమెరాలు ఉన్నయ్. గంగాధర మండలంల ఒక గుట్ట పోతే జిల్లా ఎడిషన్ల సింగిల్ కాలం కూడా రాదు, ఆ తప్పుల మీడియా వాటా ఎంతుందో మాకు తెలుసు. పైగ బొమ్మలగుట్టకు జినవల్లభుడు ఉన్నడు, పద్యం ఉంది, అడగడానికి పదిమందన్నా ఉన్నరు. పక్కనున్న గుట్టలకు పద్యం లేదు. వాటి మీద మేకలు మేస్తయ్, బోనాలప్పుడు పోచమ్మకు మొక్కుతరు, కార్తీకంల సీతాఫలాలు తెంపి బుట్టల్ల పెట్టుకొని రోడ్డు పక్కన అమ్ముకుంటరు, వాన నీళ్ళు అవి కూడా అట్లనే కిందికి పంపుతయ్. రెవెన్యూ రికార్డుల మాత్రం పోరంబోకు.

మేము అడిగేది పెద్దదేం కాదు, బడ్జెట్ కూడా అక్కర్లేదు. కలెక్టర్ తల్చుకుంటే మండలాల వారీగ ఏ గుట్ట నీళ్ళు ఏ కుంటల పడ్తున్నయో సర్వే నంబర్లతో సహా ఒక్క మ్యాపు గీయించొచ్చు, ఇరిగేషన్ దగ్గర చెరువుల లెక్క ఉండనే ఉంది, మైనింగ్ దగ్గర లీజుల లెక్క ఉంది, రెండూ ఒక్క టేబుల్ మీద పెట్టుడే. చెరువుకు నీళ్ళిచ్చే గుట్టకు కొత్త లీజు ఇయ్యొద్దు, పాతది అయిపోతే రెన్యువల్ చేయొద్దు. బొమ్మలగుట్టకైతే శాసనం ఒక్కటి కాదు, గుట్ట మొత్తం, మొదట్ల గరుసు నేల, ఒర్రె అన్నీ కలిపి హద్దురాళ్ళు పాతాలె. లీజు నోటీసు తహసీల్ ఆఫీసు గోడకు అంటించి అయిపోయిందనుకోకుంట గ్రామసభల చదివి వినిపించాలె, నాట్లప్పుడు కాదు, జనం ఊళ్ళె ఉన్నప్పుడు.