ఎండలో నిద్రపోయే ఇన్వర్టర్ వారికి

మహారాజశ్రీ ఇన్వర్టర్ వారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఈ ఉత్తరాన్ని కిటికీ పక్కన కూర్చుని పగటి వెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే గంట క్రితం గ్రిడ్ కరెంటు, అంటే వీధి లైనులోంచి వచ్చే కరెంటు, పోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాటి డీసీ కరెంటును మీరు ఇంటికి పనికొచ్చే ఏసీగా మారుస్తారని కప్పు మీద బిగించిన పది సోలార్ ప్యానెళ్లు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. కింద మాత్రం ఫ్యాను రెక్కలు ఒక్కొక్క చుట్టూ బద్ధకంగా తిరిగి ఆగిపోయాయి, ఫ్రిజ్ మూగబోయింది. ఇందాక మీ ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాను. మీ చిన్న తెర మీద గ్రిడ్ లేదన్న ఒక్క ముక్క, దాని పక్కన తాపీగా వెలిగి ఆరుతున్న ఎర్ర చుక్క తప్ప మీనుంచి మరో పలుకు రాలేదు. సూర్యుణ్ణి నెత్తిన పెట్టుకుని చీకట్లో కూర్చోవడం ఎలాగో నేర్పిన గురువులు మీరు.

తప్పు మీది కాదని తెలుసు. మీరు ఆన్‌గ్రిడ్ వంశస్థులు. తంబురా శ్రుతి వినిపిస్తే తప్ప గొంతు విప్పని విద్వాంసుడిలాగా, గ్రిడ్‌లోని తరంగం అందితే తప్ప దానికి తోడుగా మీ కరెంటు కలపడం మీకు చేతకాదు. పైగా అలా కలపకూడదనే చట్టం కూడా ఉంది. లైను తెగిందనుకుని తీగను పట్టుకున్న కార్మికుడికి మా ఇంటి ప్యానెళ్ల కరెంటు ఎదురు రాకూడదు గనుక, గ్రిడ్ పోయిన 2 సెకన్లలోపు మీరు తప్పుకోవాలని ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ రాసిన 1547 ప్రమాణం ఆదేశిస్తుంది. దీన్ని యాంటీ ఐలాండింగ్ అంటారు. ఒకరి ప్రాణం కాపాడే నియమాన్ని వెక్కిరించేంత తెగువ నాకు లేదు. నా బాధల్లా ఒకటే. నేను మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్న రోజున ఈ సంగతి మీ పుస్తకం చివరి పేజీల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పెట్టె మీద మాత్రం ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ, నవ్వుతున్న కుటుంబం, వెలుగుతున్న ఇల్లు ఉన్నాయి. ఆ ఇంటి వెనకాల గ్రిడ్ స్తంభాన్ని కూడా గీసి ఉంటే చిత్రకారుడి సొమ్మేం పోయేది?

అయినా నేను అడిగిందేమిటి? ఎన్ని కిలోవాట్లు అని ఒక్క మాట అడిగాను. కరెంటు పోయినప్పుడు మీరేం చేస్తారని అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం అమ్మేవారి ధర్మంలో లేదు.

మీ పేరు గురించి కూడా ఒక మాట. తొలినాళ్లలో ఏసీని డీసీగా మార్చడానికి రోటరీ కన్వర్టర్ అనే తిరుగుడు యంత్రం ఉండేది. దాన్నే తలకిందులుగా వాడి డీసీ నుంచి ఏసీ తీస్తే, అలా తిరగేసిన యంత్రం గనుక మీ కులానికి ఇన్వర్టర్ అనే పేరు స్థిరపడింది. అంటే తిరగేసి చెప్పడం మీకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యను పరాకాష్ఠకు చేర్చినవారు, మీకంటే ముందు మా ఇంట్లో కొలువు చేసిన మీ పెద్దలు, మాడిఫైడ్ సైన్ వేవ్ గారు.

నేతిబీరకాయలో నెయ్యెంతో, మాడిఫైడ్ సైన్ వేవ్‌లో సైన్ వేవ్ అంత. గ్రిడ్‌లోని తరంగం, అంటే అసలు సైన్ వేవ్, నున్నటి వాలుతో పైకెక్కి అంతే నున్నగా కిందికి దిగుతుంది. మీ పెద్దలు మాత్రం ఒక్క దూకున పైకెక్కి, అక్కడ కాసేపు నిలబడి, సున్నా దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుని, మళ్లీ ఒక్క దూకున పాతాళానికి దిగేవారు. అది నిజానికి మధ్యలో విరామం పెట్టిన స్క్వేర్ వేవ్ మాత్రమే. ఆ మెట్ల మూలల్లో పుట్టే హార్మోనిక్స్ అనే అదనపు తరంగాలు మోటారును తిప్పడానికి పనికిరావు, వేడెక్కించడానికి మాత్రం పనికివస్తాయి. అందుకే ఆయన కొలువులో ఉన్నన్నాళ్లూ మా ఫ్యాను తుమ్మెదలాగా ఝుమ్మని మూలుగుతూ తిరిగేది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రతి వస్తువూ పళ్లు కొరికేది. బల్బులు, ఇస్త్రీ పెట్టె మాత్రం ఏ ఫిర్యాదూ చేయలేదు. వేడి తప్ప మరేమీ కోరని వస్తువుకు తరంగం ఆకారంతో పనిలేదు గదా. అన్నిటికంటే ముందు బలైంది ఒక చార్జింగ్ టార్చిలైటు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక్క కెపాసిటర్‌తో వోల్టేజిని సరిపెట్టుకునే చవక రకం అది. ఆ పదును మూలల తరంగంలో కెపాసిటర్ గుండా పారే కరెంటు పెరిగిపోతుందని నాకు భౌతికశాస్త్రం నేర్పలేదు, మాడిన ప్లాస్టిక్ వాసన నేర్పింది. మంచి ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే తరంగంలో ఈ వికృతి సాధారణంగా 3 నుంచి 5 శాతం లోపే ఉంటుంది. మోటారు, కంప్యూటర్, వైద్య పరికరం ఉన్న ఇంట్లో అంతకు తక్కువ రకాన్ని అడుగు పెట్టనివ్వకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

ఇప్పుడు మీ స్థానంలోకి మూడోవారిని పిలవబోతున్నాను. కోపగించుకోకండి, ఈసారి పెట్టె మీది బొమ్మ చూడకుండా స్పెసిఫికేషన్ల కాగితం చదువుతున్నాను. అది చదవడం మొదలుపెట్టాక మీ జాతి మాటలకు నిఘంటువు వేరే ఉందని తెలిసింది.

ఉదాహరణకు మీలో కొందరు మీ బలాన్ని వాట్లలో కాక వీఏలలో, అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించిన లెక్కలో, చెప్పుకుంటారు. అందులో నిజంగా పనిచేసే వంతు, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.8 అయితే 1,000 వీఏ అన్న బిరుదు వెనక ఉన్నది 800 వాట్లే, అయితే బిరుదు పెద్దక్షరాల్లోనూ మిగతాది చిన్నక్షరాల్లోనూ ఉంటుంది. సర్జ్ అనే మాట ఇంకా గడుసుది. నడుస్తున్నప్పుడు 150 వాట్లు తినే ఫ్రిజ్ కంప్రెసర్, మేలుకునే ఆ క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. నీటి మోటారు సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి తట్టుకుంటామని మీరందరూ రెండు రెట్లు, మూడు రెట్లు అని చాటింపు వేస్తారు. ఎంతసేపు తట్టుకుంటారన్నది మాత్రం అడిగితే గాని చెప్పరు. అయిదు సెకన్లు నిలబడే రెట్టింపు వేరు, కనురెప్ప పడేలోగా చేతులెత్తేసే రెట్టింపు వేరు. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌ను కడుపులో మోసే బరువైన లో ఫ్రీక్వెన్సీ రకం ఈ కుదుపులను ఓర్చుకోవడంలో గట్టిది. ఒంటి చేత్తో ఎత్తగల హై ఫ్రీక్వెన్సీ రకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఎక్కువగా చవకగానూ ఉంటుంది. ఇంట్లో టీవీ, దీపాలు, ల్యాప్‌టాప్‌లే ఉంటే ముచ్చటైనదే చాలు. మోటార్లున్న ఇంటికి నేను బరువువైపే మొగ్గుతాను.

అయితే బరువైనవారికీ ఒక దురలవాటు ఉంది. ఏ పనీ లేనప్పుడు కూడా వారు ఊరికే ఉండరు, తింటూ ఉంటారు. ఒక ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్ (గ్రిడ్‌తో పనిలేకుండా బ్యాటరీతో నడిచేది) ఖాళీగా కూర్చుని 30 వాట్లు తాగుతుందనుకోండి, 24 గంటలకు అది 720 వాట్ అవర్లు. 300 వాట్ల ప్యానెల్ ఒకటి మంచి ఎండ కాసిన రోజున ఇచ్చే సుమారు 1,200 వాట్ అవర్లలో అది సగానికి మించింది. కంచే చేను మేయడమంటే ఇదే. చిన్న సెటప్‌కు పెద్ద ఇన్వర్టర్ ఉంటే రేపెప్పుడో పనికొస్తుందని కొనేవారు, ఈ మేతకు ఒక ప్యానెల్‌ను విడిగా రాసిచ్చి కొనడం మంచిది.

బ్యాటరీ వోల్టేజి గురించి 12 వోల్టులవారు చేసే ప్రచారాన్ని కూడా నేను ఇక నమ్మదలచుకోలేదు. 2,400 వాట్లను 12 వోల్టుల మీద లాగితే కేబుల్‌లో పారేది 200 ఆంపియర్లు, 48 వోల్టుల మీద అయితే 50. కరెంటు నాలుగోవంతైతే అదే కేబుల్‌లో వృథా అయ్యే వేడి పదహారోవంతు అవుతుంది. బొటనవేలంత లావు రాగి తీగను గోడ వెంట పాకించి, దాని చివర వెచ్చగా ఉన్న బోల్టును రోజూ తడిమి చూసుకునే సరదా ఉన్నవారు 12 వోల్టుల మీద పెద్ద లోడు నడుపుకోవచ్చు.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం చలి. ఎండకు ఇన్వర్టర్ కష్టపడుతుందని ఎవరైనా ఊహిస్తారు. చలిపొద్దున చనిపోతుందని ఎవరు ఊహిస్తారు? నాకు మొదట నచ్చిన ఒక మోడల్ తట్టుకోగల అత్యధిక డీసీ వోల్టేజి 500. నా ప్యానెల్ ఒక్కొక్కటి ఓపెన్ సర్క్యూట్‌లో, అంటే ఏ లోడూ తగిలించనప్పుడు, 49 వోల్టులు, పదింటిని వరసగా కలిపితే 490. ఇంకా పది వోల్టుల జాగా మిగిలిందని సంబరపడ్డాను. ఆ 490 అనేది ప్యానెల్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి లెక్క. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గితే వోల్టేజి 0.28 శాతం పెరుగుతుందని అదే ప్యానెల్ కాగితం వెనక రాసి ఉంది. చలి రాత్రి గడిచి, ప్యానెల్ ఇంకా 5 డిగ్రీల దగ్గర వణుకుతుండగా సూర్యుడు ఉదయిస్తే ఆ వరస వోల్టేజి 517కు చేరుతుంది. ఆ మోడల్ వారు సూర్యోదయ దర్శనం చేసుకుంటూనే కైవల్యం పొందుతారన్నమాట, అది వారంటీకి అందని కైవల్యం. ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ శక్తిని పిండే ఎంపీపీటీ అనే భాగం పనిచేసే వోల్టేజి పరిధికి అడుగు హద్దు కూడా ఉంటుంది. ప్యానెళ్లు మరీ తక్కువగా కలిపితే ఇన్వర్టర్ వారు పొద్దెక్కినా మేలుకోరు.

ఇందుకు భిన్నంగా, 5 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 6 కిలోవాట్ల ప్యానెళ్లు తగిలిస్తే ఘోరం జరుగుతుందని భయపెట్టేవారి మాటను నేను పట్టించుకోవడం మానేశాను. వోల్టేజి, కరెంటు హద్దుల్లో ఉన్నంతవరకు, వాట్లు ఎక్కువైతే మీరు మీ పరిమితి దగ్గర ఆగిపోతారు, అంతే. పైగా ప్యానెల్ మీద అచ్చేసిన వాట్లు దాని ఉష్ణోగ్రత 25 డిగ్రీలుగా ఉండే ప్రయోగశాలలో కొలిచినవి. కప్పు మీద 60 డిగ్రీలకు కాగిన ప్యానెల్ ఆ అంకెలో పదిశాతానికి పైగా అక్కడే వదిలేస్తుంది.

ఒక్కో ప్యానెల్‌కు ఒక్కోటి తగిలించే మైక్రో ఇన్వర్టర్ల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. ఒక చెట్టు నీడో, ఒక ట్యాంకు నీడో రోజూ కొన్ని ప్యానెళ్ల మీద పడే కప్పుకు అవి సరైనవి, ప్రతి ప్యానెల్ తన పాట తాను పాడుకుంటుంది. నా కప్పు మీద నీడ లేదు, వాటి జోలికి పోను.

మిగిలింది హైబ్రిడ్. గ్రిడ్ ఉంటే గ్రిడ్‌తోనూ, లేకుంటే బ్యాటరీతోనూ కాపురం చేసే ఈ గోడమీది పిల్లినే నేను పిలవబోతున్నాను, అయితే కళ్లు తెరిచే పిలుస్తున్నాను. హైబ్రిడ్ అని రాసినంత మాత్రాన కరెంటు పోయినప్పుడు ఇల్లంతా వెలుగుతుందని అర్థం కాదు. వాటిలో చాలావాటికి బ్యాటరీ తగిలించనిదే ఆ సమయంలో మీకూ వాటికీ తేడా ఉండదు. బ్యాకప్ కోసం ప్రత్యేకమైన టెర్మినల్ ఉంటుంది, దానికి కలిపిన లైన్లే బతుకుతాయి, దాని సామర్థ్యం ఎంతో విడిగా చదువుకోవాలి. లిథియం బ్యాటరీ అయితే దాన్ని కాపలా కాసే సర్క్యూటు అయిన బీఎంఎస్‌కూ ఈయనకూ మాట కలుస్తుందో లేదో, ఏ కేబుల్ మీద ఏ భాషలో మాట్లాడుకుంటారో ముందే తేల్చుకోవాలి. గ్రిడ్ నుంచి బ్యాటరీకి మారడానికి 10 మిల్లీసెకన్లు పడితే నా కంప్యూటర్‌కు తెలియనే తెలియదు, 20 పడితే నేను రాస్తున్న వాక్యం సగంలో పోవచ్చు.

మీరు ఈ ఇల్లు వదిలి వెళ్లనక్కర్లేదని కూడా తెలిసింది. కొత్తగా రాబోయే ఆయన బ్యాకప్ వైపు స్వయంగా తరంగాన్ని పుట్టించగల రకమై, మిమ్మల్ని ఆ వైపు కలపడానికి ఆయన తయారీదారు అనుమతి కూడా ఉంటే, మీరు ఆయన శ్రుతినే గ్రిడ్ అనుకుని పాడుకోవచ్చునట. బ్యాటరీ నిండినప్పుడు ఆయన ఫ్రీక్వెన్సీని కొద్దిగా పెంచి మిమ్మల్ని తగ్గమని సైగ చేస్తారు. మీకు ఆ సైగ అర్థమవుతుందా లేదా అన్నది మీ సెట్టింగుల్లో వెతుకుతూ ఉండగానే ఫ్రిజ్ గురక మొదలుపెట్టింది.

గ్రిడ్ వచ్చినట్టుంది. మీ ఎర్ర చుక్క ఆరి, తెర మీద అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. గ్రిడ్ నిలకడగా ఉందో లేదో కొన్ని నిమిషాలు పరీక్షించిన తర్వాత గాని మీరు కొలువుకు రారు. ఇంకా 140 సెకన్లు ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ఎండ ప్యానెళ్ల అంచు దాటి పక్కింటి గోడ మీదికి జరిగిపోయింది.

ఇట్లు,
మీ ఎర్ర చుక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ
మీ యజమాని