ఓడలో డిన్నర్‌కి కోటూ వద్దు, నిక్కరూ వద్దు

ట్రావెల్ ఏజెంట్లకి రెండు చేతులెత్తి మొక్కుతాను, క్రూజ్ టికెట్ బుక్ చేసుకున్న ప్రతివాళ్లకీ వాట్సాప్‌లో ఆ డ్రెస్ కోడ్ లిస్టు పంపడం ఇక ఆపండి. టక్సీడో అనే నల్ల విందు కోటు అంట, బో టై అంట, పాలిష్ చేసిన నల్ల షూ అంట. ఎవరికి పంపుతున్నారు? చెన్నై హార్బర్‌లో ఓడ ఎక్కి, రెండు మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి, మళ్లీ చెన్నైలోనే దిగే కుటుంబాలకి. తిరుపతిలో పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే మూడు నాలుగు గంటల్లో చెన్నైలో ఉంటాం. ఆ ప్రయాణానికి మా చిన్నాయన మే నెల ఎండలో గాంధీ రోడ్డు పట్టుకుని కోటు గుడ్డ బేరం చేస్తున్నాడు. పైగా నాకు ఫోన్ చేసి, "ఏమప్పా, కోటు ఒకటే చాలునా, లోపల ఆ చేతుల్లేనిది కూడా కుట్టించుకోవాల్నా?" అని అడుగుతాడు. తన పెండ్లికే కోటు వేసుకోని మనిషి!

ఆ లిస్టు మనలాంటి వాళ్ల కోసం రాసింది కాదు. కునార్డ్ అని బ్రిటన్‌కి చెందిన పాత ఓడల కంపెనీ ఉంది. దాని క్వీన్ మేరీ 2 అనే ఓడ 2004 నుంచి సౌతాంప్టన్‌కీ న్యూయార్క్‌కీ మధ్య అట్లాంటిక్ దాటుతూ ఉంటుంది. అందులో గాలా ఈవినింగ్ అని కొన్ని రాత్రులుంటాయి. ఆ రాత్రి పెద్ద రెస్టారెంట్లో కూర్చోవాలంటే మగవాళ్లు డిన్నర్ జాకెట్టో, ముదురు రంగు సూటో వేసుకుని టై కట్టుకోవాల్సిందే. అక్కడికి పోయేవాళ్లలో చాలామంది ఆ ముస్తాబు కోసమే డబ్బు కట్టి పోతారు, వాళ్ల సరదా వాళ్లది, నాకేం అభ్యంతరం లేదు. కాని ఆ ఓడ లిస్టు తెచ్చి, పిల్లలు రోజంతా నీళ్ల జారుడుబల్ల మీద అరుస్తూ తిరిగే ఓడకి అంటిస్తే ఎట్లా?

క్యాజువల్ ఓడల పద్ధతి అసలు వేరు. నార్వీజియన్ క్రూజ్ లైన్ 2000లోనే ఫ్రీస్టైల్ అని పేరు పెట్టి, ఫలానా టైముకి ఫలానా టేబుల్ దగ్గర ఫలానా బట్టల్లో ఉండాలి అనే పాత ఆచారాన్ని పక్కన పెట్టేసింది. కార్నివాల్ అనే ఇంకో కంపెనీ ఓడల్లో మామూలు రాత్రులకి మగవాళ్లకి చెప్పేది ఇంతే: కాటన్ ప్యాంటు, చిరుగుల్లేని జీన్స్, కాలర్ ఉన్న చొక్కా. మర్యాదగా ఉంటే పొడుగు నిక్కరు కూడా సరే. వద్దనేవి చేతుల్లేని బనీన్లు, జిమ్ నిక్కర్లు, ఈత బట్టలు, టోపీలు, హవాయి చెప్పులు. వారం రోజుల ప్రయాణమైతే అందులో రెండు రాత్రులు కొంచెం సింగారించుకోమంటారు, చిన్న ప్రయాణమైతే ఒకటి. ఆ రాత్రి కూడా ఇష్టం లేనివాళ్లు పై అంతస్తులో బఫేకి పోయి హాయిగా తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. సింగపూర్ నుంచి బయల్దేరే పెద్ద ఓడల్లో ఫార్మల్ నైట్ అని బోర్డు పెట్టిన రోజు కూడా చాలామంది మగవాళ్లు ఇన్‌షర్ట్ చేసుకుని, బెల్టు పెట్టుకుని కూర్చుంటారు. చిన్నాయనకి ఇదంతా చెప్పాక "మరి ఆ ఏజెంటు అట్ల రాసినాడే" అంటాడు. ఏజెంటు రాయలేదు చిన్నాయనా, ఎక్కడో కాపీ కొట్టి నీకు పంపినాడు.

సరే, కోటు రకం మనుషుల మీద నాకు జాలే తప్ప కోపం లేదు. ఎక్కడ తప్పు పడతారో అని భయపడే మంచివాళ్లు వాళ్లు. నా కోపమంతా రెండో రకం మీద. ఓడ ఎక్కిన గంటలో మోకాళ్ల నిక్కరులోకి దిగి, మళ్లీ దిగేదాకా ప్యాంటు మొహం చూడని రకం. సాయంత్రం ఏడున్నరకి రెస్టారెంట్ గుమ్మంలో నిలబడి చూడండి, మన తెలుగు కుటుంబాలు ఎట్లా వస్తాయో. ఆమె పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, చీరకి తగ్గ గాజులు వేసుకుని వస్తుంది. ఆ చీర కోసం ఇంటి దగ్గర పెట్టె ముందు కూర్చుని, ఏ రాత్రికి ఏది అని ఆలోచించి, బ్లౌజులు కుట్టించుకుని, అన్నీ మడతలు పోకుండా సర్దుకుని తెచ్చుకుంది. ఇద్దరు పిల్లలకి తల దువ్వి మంచి బట్టలు వేసింది. వాళ్ల వెనకాల మన హీరో, స్విమ్మింగ్ పూల్ దగ్గర కూర్చుని లేచిన నిక్కరు, మీద ఏదో కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన టీషర్టు, కాళ్లకి బాత్రూం చెప్పులు టపటపా కొట్టుకుంటూ. ఫోటో తీయడానికి ఓడ ఫోటోగ్రాఫర్ వస్తే ఈయనే అందరికంటే ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు! ఆ ఫోటో రేపు ఆమె ఇంట్లో హాల్లో పెట్టుకోవాలా వద్దా?

అడిగితే ఒకటే జవాబు. "డబ్బు కట్టినాము, సెలవుకి వచ్చినాము, నా ఇష్టం." అన్నా, డబ్బు ఆమెకీ కట్టినారు కదా, సెలవు ఆమెకి కూడా కదా. మరి ఆమె నైటీలో వస్తే నువ్వు ఊరుకుంటావా? గుమ్మం దగ్గర అందరికంటే ముందు నువ్వే ఆపుతావు. సుఖం మగవాడికీ, మర్యాద ఆడవాళ్లకీ అని ఎవరు పంచిపెట్టినారో నాకు తెలీదు కాని, ఈ పంపకం ఓడ మీద కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. ఎందుకంటే అక్కడ మొగుడూ పెళ్లాం ఒకే గదిలో ఒకే అద్దం ముందు తయారవుతారు. ఆమెకి నలభై నిమిషాలు, ఈయనకి నాలుగు. ఆ నాలుగులో కూడా రెండు నిమిషాలు ఫోన్ చూస్తాడు.

నిక్కరు రూల్ ప్రకారం కొన్ని ఓడల్లో చెల్లుతుంది, పైనే చెప్పినాను. అయినా వద్దంటున్నాను. అక్కడ వెయిటర్ ఒకాయన మీ పేరు గుర్తు పెట్టుకుని, మీరు వెజిటేరియన్ అని నిన్న చెప్పింది ఇవాళ మళ్లీ అడగకుండా, తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ మీద ఒక్కో పళ్లెం తెచ్చి పెడుతున్నాడు. ఆయన మాత్రం మెడదాకా గుండీలు పెట్టుకుని నిలబడాలి, మనం మోకాళ్లు బయటపెట్టి కూర్చోవాలా? బాగా తెలిసినవాళ్ల రిసెప్షన్‌కి కళ్యాణ మండపానికి పోతే ఎట్లా పోతామో అట్లా పోతే చాలు. పెళ్లికొడుకులా అక్కర్లేదు, వంటశాల వెనక గ్యాస్ సిలిండర్ దించేవాడిలా కూడా అక్కర్లేదు.

ఇక సామాను సంగతి. ముదురు రంగు ప్యాంట్లు రెండు, కాలర్ చొక్కాలు రాత్రికి ఒకటి చొప్పున. ఒకటి రెండు ఫుల్ హ్యాండ్స్ పెట్టుకోండి, ఎందుకంటే రెస్టారెంట్లో ఏసీ మన సినిమా హాళ్లలా చంపేస్తుంది, మన తిరుపతి వేడికి అలవాటు పడిన ఒళ్లు తట్టుకోదు. నలగని గుడ్డ తీసుకోండి. ఇది ముఖ్యం, ఎందుకంటే చాలా ఓడల్లో ఇస్త్రీ పెట్టె తీసుకురానివ్వరు, అగ్గి ప్రమాదమని ఎక్కేటప్పుడే సామాను స్కాన్ చేసి తీసి పక్కన పెట్టేస్తారు. ఓడలో ఇస్త్రీ చేసిస్తారు కాని దానికి వేరే బిల్లు, ఆ బిల్లు చూస్తే మన వీధి చివర బండి పెట్టుకున్న ఇస్త్రీ ఆయన దేవుడిలా కనిపిస్తాడు. కాళ్లకి షూ ఉంటే మంచిది, కాళ్లు వాచే పెద్దవాళ్లు వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు వేసుకున్నా ఎవరూ అడగరు. టై వద్దు. బ్లేజర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే, సూట్‌కేసులో చోటుంటే తీసుకోండి, దానికోసం కొనద్దు.

ఇంకో రెండు విషయాలు ఏజెంట్లు చెప్పరు. మొదటి రోజు పెద్ద సామాను పోర్టులోనే తీసుకుంటారు, అది మీ గది ముందుకి వచ్చేసరికి సాయంత్రం దాటొచ్చు. కాబట్టి ఆ రాత్రి వేసుకునే ప్యాంటూ చొక్కా చేతిసంచిలోనే ఉండాలి. చివరి రాత్రి దానికి తిరగేసి, పెట్టెలకి ట్యాగ్ కట్టి గది బయట వరండాలో పెట్టేయమంటారు. మొత్తం సర్దేసి, పొద్దున దిగడానికి ప్యాంటు కూడా మిగుల్చుకోకుండా పంపేసిన మహానుభావులు ఉంటారు. నిక్కరు బ్యాచ్‌కి ఆ ఒక్క ఇబ్బంది లేదులెండి.

చొక్కాల్లో రంగు కావాలంటే కళంకారీ వేసుకోండి. పక్కనే శ్రీకాళహస్తి పెట్టుకుని హవాయి పూల చొక్కాల కోసం ఆన్‌లైన్లో వెతకడమేంటి? కలంతో చేత్తో గీసిన శ్రీకాళహస్తి పనికి ధర ఉంటుంది, బజారులో చవకగా దొరికే చొక్కాల్లో చాలావరకు అచ్చు వేసినవే. ఏదైనా సరే, ముదురు ప్యాంటు మీద కళంకారీ చొక్కా వేసుకుని పోతే పక్క టేబుల్ వాళ్లు ఎక్కడ కొన్నారని అడుగుతారు. కోటు వేసుకున్నవాణ్ణి ఎవరూ అడగరు.

అసలు నా మనసులో ఉన్నది పంచె. కల్యాణోత్సవానికి టికెట్ దొరికితే, మూడొందల దర్శనానికి పోతే, ఇదే మగవాళ్లు పంచె కట్టి, కండువా వేసుకుని బుద్ధిగా క్యూలో నిలబడతారు. కొండ మీద అది నియమం కాబట్టి ఎవరికీ సిగ్గు లేదు. అదే మనిషికి "డిన్నర్‌కి జరీ అంచు పంచె కట్టుకుని, తెల్ల చొక్కా వేసుకో బావా" అంటే "ఛీ, ఓడలోనా, నవ్వుతారు" అంటాడు. ఎవరు నవ్వుతారు? ఇందాక చెప్పిన కునార్డ్ ఉంది చూడండి, అంత పట్టుదల గల కంపెనీ కూడా గాలా రాత్రుల్లో టక్సీడో బదులు ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకోవచ్చని రాసింది, స్కాట్లాండు వాళ్లు కిల్టు అనే గళ్ల పావడా కట్టుకుని వస్తారు. వాళ్ల మోకాళ్లు కనిపిస్తే సంప్రదాయం, మన పాదాల దాకా పంచె ఉంటే నామోషీనా? ఊగే ఓడలో పంచె జారుతుందని భయమైతే అతికించుకునే వెల్‌క్రో పంచెలు గాంధీ రోడ్డులో ఏ బట్టల కొట్లో అడిగినా ఇస్తారు. కట్టడం రాని మా తరం వాళ్లకి అదే గతి, ఏం తప్పులేదు. ఒక్క షరతు, గళ్ల లుంగీని పంచె లెక్కలో వేసి రావద్దు. లుంగీ నాకూ ఇష్టమే, దాని స్థానం మిద్దె మీద, మంచం మీద.

పిల్లలని పాపం వదిలేయండి, పదేళ్ల లోపు వాళ్లు ఏం వేసుకున్నా పర్వాలేదు. ఇంజనీరింగ్ చదివే మగపిల్లలకి మాత్రం చెప్పండి, మోకాలి దగ్గర చింపిన జీన్స్, తిరగేసి పెట్టిన టోపీ పగటికి ఉంచుకోమని. వాళ్లు వినరు, నాయన నిక్కరులో ఉంటే అసలే వినరు.

ఏజెంటుని అడగాల్సినవి ముందే అడిగేయండి. ఓడ పేరేంటి, ఎన్ని రాత్రులు ముస్తాబు కావాలంటున్నారు, అది తప్పనిసరా, ఆ రాత్రి బఫే తెరిచే ఉంటుందా. ఆయన మళ్లీ ఆ పాత లిస్టే పంపితే ఓడ కంపెనీ వెబ్‌సైట్లో మీరే చూసుకోండి, ఐదు నిమిషాల పని. కొన్ని ఓడల్లో ఒక రాత్రి డెక్ మీద అందరూ తెల్లబట్టల్లో రావాలని పార్టీ పెడతారు, అదుందేమో కూడా కనుక్కోండి. ఉంటే దానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు, బీరువాలో ఉన్న తెల్ల చొక్కాల్లో పసుపు మరక లేనిది ఏదో చూసి పెట్టుకోండి.